లిస్టులో లేని పేరు

నెల రోజుల కిందట నిర్మల ఒకే ఒక్క మాట వల్ల ఉద్యోగం పోగొట్టుకుంది. ఆ మాట ‘దైజోబు’. ఫర్వాలేదు, బాగానే ఉన్నాను అని దానికి అర్థం.

జపాన్‌లో ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక వృద్ధుల ఆశ్రమం ఉంది. అక్కడి నుంచి హయాషి అనే పెద్దావిడ ఫోను తెరమీదికి వచ్చి, ఇల్లు వదిలి రావాలంటే బెంగగా లేదా అని అడిగింది. దైజోబు అంది నిర్మల. ముసలివాళ్ళు విసుక్కుంటే బాధ కలగదా అంటే దైజోబు అంది. చలి, భాష, తిండి, అన్నిటికీ అదే జవాబు. ఆరు ప్రశ్నలకు ఆరు దైజోబులు. సాయంత్రానికి కబురు వచ్చింది. అమ్మాయి మంచిదే, పరీక్షలో మార్కులూ బాగున్నాయి, కానీ ఆమెకు ఏమనిపిస్తోందో మాకు తెలియడం లేదు. తనకేమనిపిస్తోందో చెప్పలేని మనిషి, నోరు పడిపోయిన ముసలాయనకు ఏమనిపిస్తోందో ఎలా పట్టుకుంటుంది?

అరకులో జపనీస్ నేర్పే గంగాభవాని మేడమ్ వాళ్ళను బతిమాలి మరో అవకాశం తెచ్చింది. శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకు. ఇక దాని తర్వాత ఇంకొకటి లేదు.

“నీకు మాటలన్నీ వచ్చు నిర్మలా. కానీ వాటికి మొహాల్లేవు. ఒక్కో మాటకీ ఒక మొహం తగిలించుకుని చదువు,” అంది మేడమ్. ఆవిడ విజయనగరం మనిషి. అలాంటి ఆశ్రమంలోనే నాలుగేళ్ళు పనిచేసి వచ్చింది.

నిర్మల ఆ సలహాను అక్షరాలా పాటించింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

హుకుంపేట దాటి కొండెక్కితే జీలుగుపుట్టు. ముప్పైరెండు గడపలు. ఆ గడపలన్నిటినీ నిర్మల పుట్టిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. ఎక్కువ మాట్లాడని పిల్ల కాబట్టి ఎక్కువ చూసింది. అందుకని ఒక రూళ్ళ పుస్తకం తీసుకుని, ఎడమవైపు ఊళ్ళోవాళ్ళ పేర్లు, కుడివైపు తెలుగు అక్షరాల్లోనే జపాన్ మాటలు రాసుకుంది. సోని వదిన పేరుకు ఎదురుగా ‘ఉరెషీ’, అంటే సంతోషం. కొత్త ఇంట్లోకి వెళ్ళిన రోజు ఆవిడ గోడను చేత్తో నిమురుతూ నిలబడింది, అది గుర్తు. అమ్మ రత్నకు ఎదురుగా ‘హొత్తో’, గుండె కుదుటపడటం. ఆఖరి జీపు మలుపు తిరిగి, అందులో కూతురు కనబడినప్పుడు అమ్మ వదిలే ఊపిరి అది. సుక్రు మావకు ‘ఇరాఇరా’. కామేష్‌కు ‘హజుకషీ’. అలా రాసుకున్నాక మాటలు పుస్తకంలోంచి లేచి వీధిలో తిరగడం మొదలుపెట్టాయి. చదవక్కర్లేకుండానే నోటికి వచ్చాయి.

గురువారం సాయంత్రం కాఫీ గింజలు ఆరబోసిన పట్టా దగ్గర ఆ పుస్తకం మరిచిపోయింది. శుక్రవారం పొద్దున్నకల్లా అది సుక్రు చేతిలో ఉంది.

సుక్రు అయిదో తరగతి వరకూ చదివాడు. ఇంకేమీ చదవకపోయినా, ఎక్కడ కనబడ్డా తన పేరు చదువుతాడు. పోయిన ఏడాది టార్పాలిన్ల లిస్టులో అతని పేరు రాయడం మరిచిపోయారు. అప్పట్నుంచి కాగితం మీద వరసగా పేర్లు కనబడితే చాలు, ముందు అందులో తానున్నాడో లేడో చూసుకుంటాడు. ఈ కొండల మీద ఎవరైనా పుస్తకంలో పేర్లు రాశారంటే ఏదో ఒక పథకం కింద మేకలో కోళ్ళో యూనిట్ల లెక్కన పంచిపెట్టడానికే. ఊరికే రాసిన వాళ్ళను ఎవరూ చూడలేదు.

నిర్మల పళ్ళు తోముకుంటుండగా వాకిట్లోకి పదిమంది వచ్చారు. ముందు సుక్రు.

“ఏటే గుంటా, జపానోళ్ళ లిస్టు నువ్వే రాత్తన్నావంట? మాకు సెప్పనేలేదు.”

“లిస్టేటి మావా?”

“దాయకు. నా పేరు నాను సదువుకోలేననుకున్నావేటి? ఇదిగో. సుక్రు, ఇరా, ఇరా. రెండుసార్లు రాసినావు. అంటే నాకు రెండు యూనిట్లు కదా?”

నిర్మల నోట్లో పేస్టు నురగ అలాగే ఉండిపోయింది. ఈలోగా సోని వదిన ముందుకు వచ్చింది. “నాకు ఉరెషీ అని రాసినావంట. మేకలేనా? కోళ్ళయితే నాకొద్దమ్మా, మా సందులో పిల్లి ఒక్కదాన్నీ ఉంచదు.”

“నాది నాలుగక్షరాల మాట,” అన్నాడు కామేష్ కాస్త గర్వంగా. “అంత పెద్దదంటే మోటారై ఉంటది.”

“ఆధార్ జిరాక్సులు ఎన్ని కావాలి? బేగి సెప్పు, హుకుంపేట జీపు ఎల్లిపోతది,” అన్నాడు సుక్రు.

నిర్మల మొహం కడుక్కుని వచ్చి, అరుగు మీద కూర్చుని, ఒక్కో మాటా విప్పి చెప్పింది. ఇవి యూనిట్లు కావనీ, మనసులో అనిపించే వాటికి పేర్లనీ చెప్పింది.

“మనసులో అనిపించేవాటికి లిస్టెందుకే?” అన్నాడు సుక్రు.

“నేర్చుకోడానికి మావా. చూడు, గింజలు ఆరబోశాక మబ్బు పడితే నువ్వేం చేస్తావు? పైకి చూస్తావు, పట్టా లాగుతావు, మళ్ళీ ఎండొస్తే మళ్ళీ పరుస్తావు, మళ్ళీ మబ్బొస్తే ఆకాశంతో దెబ్బలాటకి దిగుతావు. ఆ చిరాకుంది చూడు, అదే ఇరాఇరా.”

సోని వదిన నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వితే ఎదుటి కొండకు వినబడుతుంది. “ఓలమ్మ, అచ్చంగా అదే. జపానోళ్ళకి సుక్రు ఎలగ తెలిసినాడే?”

“మరి నాది?” అన్నాడు కామేష్ అనుమానంగా.

నిర్మల తల దించుకుంది. “ఇటుకల పండగకి... వేట నుంచి ఒట్టి చేతుల్తో వచ్చావు కదా అన్నా. ఆడాళ్ళందరం నీ మీద చల్లడానికి పేడనీళ్ళు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాం. నువ్వు మలుపు దగ్గర ఆగి, చొక్కా విప్పి మడతపెట్టి చంకలో పెట్టుకుని వచ్చావు. ఆ సిగ్గుంది చూడు, అది.”

ఈసారి నవ్వు ఆగలేదు. కామేష్ చెవులు ఎర్రబడ్డాయి. “మళ్ళీ అదే మొహం, సూడండి, అజుకషీ,” అని సోని వదిన అతని గడ్డం పట్టుకుంది. కామేష్ కూడా నవ్వేశాడు. మోటారు పోతే పోయింది, కనీసం ఊళ్ళో అందరికంటే పెద్ద మాట తనదే అన్నాడు.

అయినా సుక్రు పూర్తిగా నమ్మలేదు. “ముందు అలగే అంటారు. టార్పాలిన్లప్పుడూ, ఊరికే రాసుకుంతన్నాం అనే అన్నారు,” అని గొణిగి, పుస్తకం మళ్ళీ మొదటి నుంచీ తిరగేశాడు. ముప్పైరెండు గడపల్ని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. “ఒకటి తగ్గింది. కృపావతి పేరు లేదేటి?”

అందరూ ఒక్కసారి దడి వైపు చూశారు. కిరాణా కొట్టు కృపావతి అక్కడే నిలబడి ఉంది, చేతిలో రత్న కోసం తెచ్చిన నూనె ప్యాకెట్టు. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు. ప్యాకెట్టు దడి మీద పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

జీలుగుపుట్టులో ఫోనుకు సిగ్నల్ రావాలంటే మలుపు దగ్గరి బండ ఎక్కాలి, అక్కడ కూడా రెండు మాటలకు ఒకసారి తెగిపోతుంది. తీగ ద్వారా ఇంటర్నెట్ వచ్చేది ఊళ్ళో ఒక్క చోటికే, కృపావతి పిన్ని కిరాణా కొట్టుకు. రేపటి ఇంటర్వ్యూ ఆ కొట్టు అరుగు మీదే. అరకు వెళ్దామన్నా తొమ్మిదిన్నరలోపు చేర్చే బండి లేదు.

సాయంత్రం, కొట్టు ముందు మనుషులు పలచబడ్డాక నిర్మల వెళ్ళింది. కృపావతి పప్పు పొట్లాలు కడుతోంది. ఆవిడకు ముప్పైనాలుగేళ్ళు ఉంటాయి. ఆదివారం ప్రార్థనకు తప్ప కొట్టు మూయదు. లెక్కలో, మాటలో ఎవరికీ తగ్గదు. పొగరని ఊళ్ళో పేరు.

“పిన్నీ, రేపు పొద్దున్న...”

“ఇంటర్నెట్ పాడైపోయింది.”

ఆవిడ తల వెనక గోడమీద పెట్టెలో మూడు ఆకుపచ్చ దీపాలు చక్కగా మిణుకుతున్నాయి. ఇద్దరూ వాటి వైపు చూశారు. కృపావతి ఒక గోనె తీసి పెట్టె మీద కప్పింది.

“పాడైపోయిందన్నాను కదా.”

“పిన్నీ, అది లిస్టు కాదు.”

“ఏటైతే నాకేటి? మిగిలిన గడపలన్నీ నీకు మనుషులే. తుంపాలు, తువ్వాళ్ళు తెచ్చి అమ్మే వరహాలరావు సాలూరు మనిషి, ఆడి పేరు కూడా రాసినావంట. నాకు మాత్రం మనసు లేదేటే? నీకు మొన్న పరీక్ష ఫీజుకి ఓటీపీ ఎవరు తెప్పించినారు? నువ్వు సదువుకుంటే దీపం ఎవరరుగు మీద ఎలిగింది? సరుకులమ్ముకునే దానికి సంతోషం, ఏడుపూ ఏటుంటాయిలే అనుకున్నావు.”

మామూలుగా అయితే నిర్మల అక్కడ ‘ఏం లేదు పిన్నీ’ అని వెనక్కి వచ్చేసేది. అది ఆమెకు పుట్టుకతో వచ్చిన దైజోబు. కానీ ఆవిడ చేతిలో పొట్లం దారం మూడుసార్లు చుట్టినా ముడి పడకపోవడం చూసింది. పుస్తకం అట్టకు వేసిన ప్లాస్టిక్ కవరులోంచి, నాలుగు మడతల కాగితం ఒకటి బయటికి తీసింది.

“నీ పేరు రాశాను. తర్వాత చింపేశాను. ఎవరైనా చూస్తే బాగోదని.”

కృపావతి కాగితం విప్పింది. అందులో ఒకటే మాట ఉంది, ‘కుయషీ’. దానికి ఎదురుగా రెండు పేర్లు. కృపావతి పిన్ని. దాని కింద, నేను.

“ఏటి దీనికర్థం?”

“తెలుగులో ఒక్క మాట దొరకలేదు పిన్నీ. సిగ్గు కాదు, కోపమూ కాదు. చేతికి అందిన దాన్ని వేలెడు దూరంలో పోగొట్టుకుంటే గొంతులో వేడిగా ఉంటుందే, మింగినా దిగదు. పైకి మాత్రం నాకేం పట్టదన్నట్టు తిరుగుతాం. అది.”

“నాకెందుకు రాసినావు?”

“బుధవారం బుధవారం టీకాలకి నర్సమ్మ వస్తుంది కదా. ఆవిడకి టీ నువ్వు స్టీలు గ్లాసులో ఇస్తావు, డబ్బులు తీసుకోవు. ఆవిడ రిజిస్టరు రాస్తుంటే ఎదుటి నుంచి తలకిందులుగా చదివేస్తావు. పోయిన నెల సోని వదిన కోడలి టీకా తారీఖు తప్పు పడితే నువ్వే చెప్పావు. మా అమ్మకి బీపీ చూసినప్పుడు ఆ పట్టీ నర్సమ్మ కంటే ముందు నువ్వు చుట్టావు, సరిగ్గా ఎక్కడ చుట్టాలో అక్కడ. అది ఊరికే రాదు పిన్నీ.”

కృపావతి దారం తెంపి పొట్లం పక్కన పెట్టింది. బయట మంచు దిగుతోంది. వలిసె పూల పసుపు కూడా కనబడటం మానేసింది.

“విశాఖపట్నంలో సీటొచ్చింది నాకు,” అంది. “నర్సు ట్రైనింగు. ఆ ఏడు ఘాటీలో దారి జారిపోయింది కదా, ఉత్తరం కిందనే ఉండిపోయింది. నా సేతికి ఒచ్చేసరికి గడువు దాటి నాలుగు రోజులైపోయింది. అయినా ఎల్లినాను. ఇచ్చీసినామమ్మా అన్నారు. తిరిగొచ్చి, హాస్టల్లో కూడు బాగోలేదు, నాకే నచ్చలేదని ఊరంతటికీ సెప్పినాను. అందరూ నమ్మీసినారు.” ఆగి, కాస్త నవ్వింది. “మరీ బేగి నమ్మీసినారే. ఒక్కరూ మళ్ళీ అడగలేదు.”

“నేను అడగలేదు కానీ చూశాను.”

“అదే భయం నీతోటి.” కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. “మరి నీ పేరెందుకు రాసుకున్నావు నా కింద?”

“పోయిన నెల వాళ్ళు వద్దన్నప్పుడు ఇంటికొచ్చి, నాకూ పెద్ద ఇష్టం లేదులే అని అమ్మతో చెప్పాను.”

కృపావతి ఆమె వైపు తేరిపార చూసింది. తర్వాత లేచి పెట్టె మీది గోనె తీసేసింది. మూడు ఆకుపచ్చ దీపాలు మళ్ళీ కనబడ్డాయి.

“తొమ్మిదికి రా. అరుగు కడిగి ఉంచుతాను. ఒక్కటి మాత్రం. ఈ కాగితం సంగతి పేణం పోయినా ఎవరికీ సెప్పకు. జపాను భాషలో కూడా సెప్పకు.”

“చెప్పను పిన్నీ.”

నిర్మల అరుగు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. “ఒసే. నాక్కూడా అని అనాలంటే ఆ భాషలో ఏటంటారు?”

“వతాషిమో.”

“వతాషిమో,” అని కృపావతి తలుపు చెక్కలు ఒక్కొక్కటే పెడుతూ అనుకుంది. “వతాషిమో. బాగుంది. పొట్టిగా ఉంది.”

శనివారం తొమ్మిదికి మంచు ఇంకా విడలేదు. కృపావతి అరుగు కడిగి, గోడకు ఆనించి సబ్బుల డబ్బా పెట్టి, దాని మీద ఫోను నిలబెట్టింది. తను పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది, తీగ ఊడితే చూసుకోవాలిగా అని. తెర మూలన చిన్న గడిలో గంగాభవాని మేడమ్ మొహం, పెద్ద గడిలో వెండి జుట్టు హయాషి గారు.

ఒంగి నమస్కారం చేసి తలెత్తేసరికి హయాషి గారి కళ్ళు నిర్మలను దాటి వెనక్కి వెళ్ళాయి. నిర్మల తిరిగి చూసింది. మంచులోంచి ఊరు ఊరంతా నడిచి వస్తోంది. ముందు సుక్రు, చేతిలో పాలిథిన్ కవరు, కవరులో ఆధార్ జిరాక్సులు. వెనక సోని వదిన, కామేష్, గొంగళ్ళు కప్పుకున్న అందరూ. వచ్చి క్రమంగా లైనులో నిలబడ్డారు. లిస్టు కాకపోతే కాకపోయింది, తెల్లారి లైనులో ఉన్నవాడికి నష్టం లేదని సుక్రు అందరికీ చెప్పి తెచ్చాడని తర్వాత తెలిసింది.

చిన్న గడిలో మేడమ్ నుదురు పట్టుకుంది.

“వాళ్ళంతా ఎవరు?” అని జపనీస్‌లో అడిగింది హయాషి గారు.

దైజోబు అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. నిర్మల దాన్ని మింగేసింది.

“వీళ్ళు నా మాటలండీ,” అంది జపనీస్‌లోనే. “మీ భాష వీళ్ళ మొహాలు చూసి నేర్చుకున్నాను.”

ఫోను కొంచెం తిప్పి ఒక్కొక్కరినీ చూపించింది. ఈమె ఉరెషీ, కొత్త ఇంటి గోడను నిమిరింది. ఈయన ఇరాఇరా, ఆకాశంతో దెబ్బలాడతాడు. ఆ మాట వినగానే సుక్రు ఛాతీ విరిచి ఒకడుగు ముందుకు వేశాడు. ఈ అన్న హజుకషీ, చొక్కా కాపాడుకున్నాడు. పేడనీళ్ళ సంగతి చెప్పడానికి నిర్మలకు మాటలు చాలలేదు, చేతులతో విసిరి చూపించింది. హయాషి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. కాగితం మీద ఏదో రాసుకుంది.

నవ్వు తగ్గాక ఆవిడ గొంతు మారింది. “పోయిన నెల మేం వద్దన్నాం. ఆ రోజు మీకేమనిపించింది?”

నిర్మల ఊపిరి తీసుకుంది. “కుయషికత్త దెస్. చాలా. నిద్ర పట్టలేదు. కానీ అమ్మతో, నాకు ఇష్టం లేదని అబద్ధం చెప్పాను. మళ్ళీ రావాలని ఉంది, అందుకే వచ్చాను.”

హయాషి గారు తల ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆగింది. “మీ పక్కనున్నావిడకు ఏమైంది?”

కృపావతి స్టూలు మీద నిటారుగానే ఉంది. కొంగు మాత్రం పిడికిట్లో నలుగుతోంది, కళ్ళు నిండి ఉన్నాయి. ఆ జవాబులో ఆవిడకు తెలిసిన మాట కుయషీ ఒక్కటే. ఆ ఒక్కటీ వినబడింది.

“ఆవిడకేమనిపిస్తోందో చెప్పగలరా?” అని మళ్ళీ అడిగింది హయాషి గారు, మెల్లగా. అది ఊరికే అడిగింది కాదని నిర్మలకు తెలుసు. ఇంటర్వ్యూ మొత్తానికి అసలు ప్రశ్న ఇదే. జవాబు తెలుసు. నోట్లోనే ఉంది. కానీ మాట ఇచ్చింది, జపాను భాషలో కూడా చెప్పనని.

చిన్న గడిలో మేడమ్ కళ్ళతోనే, చెప్పు, చెప్పు అంటోంది.

“తెలుసండీ,” అంది నిర్మల చివరికి. “కానీ అది ఆవిడది. నేను చెప్పకూడదు.”

హయాషి గారి కలం కాగితం మీద ఆగింది. మేడమ్ కళ్ళు మూసుకుంది. పోయింది, అనుకుంది నిర్మల. రెండోసారి కూడా పోయింది.

అప్పుడు స్టూలు కిర్రుమంది. కృపావతి కొంగుతో మొహం తుడుచుకుని, ఫోను ముందుకు వంగింది.

“వతాషిమో,” అంది.

హయాషి గారు కలం పక్కన పెట్టింది. కళ్ళద్దాలు తీసింది. కృపావతిని చూసి, నిర్మలను చూసి, నెమ్మదిగా ఒక పెద్ద వాక్యం అంది. అందులో నిర్మలకు గట్టిగా అర్థమైన మాటలు రెండే. ‘కితే’, అంటే రండి. ‘ఫుతారి’, అంటే ఇద్దరు. సరిగ్గా విన్నానా అని మేడమ్ వైపు చూస్తే, ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

“ఏటన్నాదే?” అని కృపావతి నిర్మల మోచెయ్యి పట్టుకుంది. “ఏటన్నాదో సెప్పవే గుంటా.”

వాళ్ళకు అర్థం కాలేదని తెలిసి, హయాషి గారు తెర మీదికి చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించింది.

లైనులోంచి సుక్రు గొంతు వినబడింది.

“సూసినారా? రెండు యూనిట్లు. నాను ముందే సెప్పలేదేటి.”